పాత మాస్సీ స్లోలో నిలబడట్లేదా? స్క్రూ తిప్పే ముందు ఈ వరసలో చూస్కోండి

పాత మాస్సీ 1035 ట్రాక్టర్ ఉన్నోళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ తప్పదు. దున్నేటప్పుడు బానే లాగుద్ది, గట్టు మీదకొచ్చి రేసు తగ్గించి స్లోలో (ఎక్సలేటర్ ముట్టకుండా ఇంజను తిరిగే అతి తక్కువ రేసు) పెట్టేసరికి రెండు వణుకులు వణికి ఆగిపోద్ది. కొన్ని బండ్లేమో ఎవరూ ఎక్సలేటర్ ముట్టుకోకుండానే రేసు పైకీ కిందకీ ఊగుతా ఉంటాయి, దీన్నే హంటింగ్ అంటారు, ఇంకొన్నిటికి హ్యాండ్ లివర్ పూర్తిగా వెనక్కి లాగినా రేసు దిగదు. ఇలా అవ్వగానే చాలామంది స్క్రూడ్రైవర్ తీసుకొని పంపు మీదున్న స్లో స్క్రూ తిప్పేస్తారు. నేను చెప్పేది ఒక్కటే, ఆ స్క్రూ ఆఖర్న. దానికి లాక్ నట్టు ఉంటది, దానంతట అది తిరగదు. మొన్నటిదాకా బాగున్న స్లో ఇవాళ చెడిందంటే మారింది స్క్రూ కాదు, ఇంకేదో మారింది, అది పట్టుకోకుండా స్క్రూ బిగిస్తే ఇవాల్టికి బండి ఆగకుండా ఉంటది గానీ రోగం లోపలే ఉండిపోద్ది.

ముందు ఇంజను సంగతి కొంచెం తెల్సుకోండి, లేదంటే తర్వాత చెప్పేవన్నీ గుడ్డిగా చేసినట్టు అవుద్ది. చెన్నైలో 1960లో మొదలైన టాఫే వాళ్ళ ఈ బండిలో ఉండేది సింప్సన్ వాళ్ళ మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను, దాని మూలం పెర్కిన్స్ డిజైన్, దాదాపు రెండున్నర లీటర్లు. దాని పక్కన ఉండేది డీజిల్ కొట్టే రోటరీ పంపు, కింద పెద్ద పంపు అన్నా ఇదే, మెకానిక్కులు సీఏవీ పంపు అనో డీపీఏ పంపు అనో అంటారు. దీంట్లో సిలిండర్‌కి ఒకటి చొప్పున వేర్వేరు ప్లంజర్లు (ఎలిమెంట్లు) ఉండవు, ఒకే జత ప్లంజర్లు మూడు నాజిళ్ళకీ (సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ముక్కులు) వరసగా డీజిల్ కొట్టిపంపిస్తాయి. ఎంత డీజిల్ వెళ్ళాలో తేల్చేది లోపలున్న మీటరింగ్ వాల్వు, దాన్ని తిప్పేది రేసు నిలకడగా ఉంచే గవర్నర్. స్లోలో ఉన్నప్పుడు ఆ వాల్వు సన్నటి గీతంత మాత్రమే తెరుచుకొని ఉంటది. అందుకే పొలంలో లోడు మీద కనపడని చిన్న గాలి బుడగ, చిన్న నలుసు, స్లోలోకి రాగానే బయటపడుద్ది, వెళ్ళే డీజిలే కొంచెం కాబట్టి దాంట్లో ఆ బుడగ వాటా ఎక్కువైపోద్ది.

ఇంకోటి కూడా దీన్నుంచే తెలుస్తది. మూడిటికీ డీజిల్ ఇచ్చేది ఒకటే జత ప్లంజర్లు కాబట్టి ఒక్క సిలిండర్ మాత్రమే మిస్ కొడుతుంటే తప్పు పంపుది అయ్యే అవకాశం చాలా తక్కువ, ఆ సిలిండర్ నాజిల్‌దో, పైపుదో, వాల్వుదో అయ్యుంటది. ఇది తెలీక పంపు విప్పించి కాలిబ్రేషన్‌కి డబ్బులు పోసినోళ్ళు ఎంతమందో.

పని మొదలెట్టే ముందు జాగ్రత్తలు. బండి చదునైన చోట పెట్టి గేరు న్యూట్రల్ చేసి, పీటీఓ (వెనక పనిముట్లు తిప్పే షాఫ్టు) ఆపేసి, హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకి రాళ్ళు పెట్టండి. లుంగీ, భుజం మీద తువ్వాలు, చున్నీ లాంటివి వద్దు, ఫ్యాను బెల్టు కళ్ళ ముందే తిరుగుతుంటది. మూసేసిన షెడ్డులో ఇంజను నడపొద్దు. నాజిల్ పైపుల్లో డీజిల్ చాలా ఎక్కువ ప్రెషర్‌తో వస్తది, సన్నటి చిమ్ముడు చర్మంలోంచి లోపలికి దూరిపోగలదు, పైకి చిన్న చుక్కలా కనపడినా అది ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పోవాల్సిన దెబ్బ, కాబట్టి ఎక్కడ లీకవుతుందో అని వేలు పెట్టి చూడొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. ఎయిర్ క్లీనర్ గొట్టం మూతిని పూర్తిగా మూయగలిగేంత చెక్కముక్క ఒకటి పక్కన పెట్టుకోండి, అది ఎందుకో కింద చెప్తాను.

ఇప్పుడు మొదటి పని, లింకేజి, అంటే ఎక్సలేటర్ నుంచి పంపు దాకా ఉన్న రాడ్లు. దీనికి డబ్బులేం పెట్టక్కర్లేదు గానీ సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఇంజను ఆపేసి పంపు దగ్గర నిలబడండి, ఇంకొకర్ని సీటు మీద కూర్చోబెట్టి హ్యాండ్ లివర్, కాలి పెడలు రెండూ పూర్తిగా ఆడించమనండి. పంపు మీదున్న చేయి స్లో స్క్రూకి వచ్చి ఆనుతుందా లేదా చూడండి. ఆనకుండా మధ్యలోనే ఆగితే రేసు ఎలా దిగుద్ది? రాడ్డు వంగిందేమో, బాల్ జాయింట్ తుప్పు పట్టిందేమో, స్ప్రింగు తెగిపోయిందేమో, పెడలు కింద మట్టి గడ్డకట్టిందేమో చూడండి, దమ్ము చేసొచ్చిన బండ్లకి ఇది మామూలే. అనుమానం పూర్తిగా తీరాలంటే పంపు దగ్గర రాడ్డు పిన్ను ఊడదీసి ఆ చేతిని మీ చేత్తోనే స్లో వైపు పెట్టి ఇంజను స్టార్ట్ చేయించండి. అప్పుడు స్లో సరిగ్గా ఉంటే పంపులో ఏ తప్పూ లేదు, రాడ్లు బాగుచేస్కుంటే అయిపోయినట్టే.

స్టాప్ నాబ్ కూడా ఇప్పుడే చూడండి. వైరు లోపల తుప్పు పట్టి నాబ్ లోపలికి నెట్టినా పంపు దగ్గర స్టాప్ లివర్ పూర్తిగా వెనక్కి రాదు, సగంలో ఉండిపోద్ది. అప్పుడు డీజిల్ కొంచెం కట్ అయినట్టే కదా, స్లోలో ఆగిపోవడం, లోడు మీద బలం లేకపోవడం రెండూ వస్తాయి. వైరు లోపలికి నాలుగు చుక్కలు ఆయిల్ పోసి ఆడిస్తే చాలాసార్లు సరిపోద్ది, లేకపోతే కొత్త వైరు వేయించండి.

లింకేజి బాగుందని తేలాక డీజిల్ ఎటునుంచి వస్తుందో ఆ దారి పట్టుకొని ట్యాంకు నుంచి నడవండి. ట్యాంకు మూతకి గాలి రంధ్రం ఉంటది, మట్టితో పూడిపోతే ట్యాంకులో వ్యాక్యూమ్ పట్టి డీజిల్ దిగదు. బండి అరగంట బాగా నడిచి తర్వాత స్లో పడిపోతుంటే మూత వదులు చేసి చూడండి, మూత తీసినప్పుడు సుయ్యిమని గాలి లోపలికి లాక్కుంటే దొంగ దొరికినట్టే. తర్వాత నీళ్ళు. పొద్దున్నే, బండి కదపక ముందే, డీజిల్ దారిలో కింద ఉండే, నీళ్ళు చేరే కప్పులో ఉన్నది ఒక గాజు సీసాలోకి దించి పది నిమిషాలు ఆగండి, నీళ్ళుంటే అడుక్కి చేరి డీజిల్‌కి కింద విడిగా గీత గీసినట్టు కనపడతాయి. డ్రమ్ముల్లో, క్యాన్లలో డీజిల్ తెచ్చుకొని వాడేవాళ్ళకి వానాకాలం ఇది తప్పదు, అందుకే రాత్రి ట్యాంకు నింపి పెట్టుకోవడం మంచిది, ఖాళీ ట్యాంకులోనే చెమ్మ పడుద్ది. డీజిల్లో కిరోసిన్ కలపొద్దు, ఈ రోటరీ పంపుకి వేరే ఆయిల్ ఉండదు, దాని లోపలి భాగాలకి ఆ డీజిలే ఆయిలు, పలచబడితే మీటరింగ్ వాల్వు, ప్లంజర్లు అరిగిపోతాయి.

ఇప్పుడు అసలైన చోటు, ఎయిర్. ఇక్కడ ఓపిగ్గా ఉండాలి.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (డీజిల్ లాగి ఫిల్టర్లకి పంపే చిన్న పంపు) దాకా ఉన్నది లాక్కునే పైపు. దాంట్లో ఎక్కడైనా సన్నటి పగులుంటే ఇంజను నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారకుండానే బయటి గాలి లోపలికి పోద్ది. అంటే పైపంతా పొడిగా ఉంది కాబట్టి బాగుంది అనుకోవడం తప్పు. ఫీడ్ పంపు దాటాక ఫిల్టర్లు, అక్కణ్ణించి పెద్ద పంపు దాకా ఉన్నది నెట్టే పైపు, అక్కడ లీకుంటే డీజిల్ బయటికి చెమర్చి దాని మీద దుమ్ము పట్టి నల్లగా అట్టకడుద్ది, అది కంటికే కనపడుద్ది. కాబట్టి పొడి వైపునే ఎక్కువ అనుమానించండి. ట్యాంకు కాక్ (డీజిల్ కట్టే కుళాయి) దగ్గర వాషర్, కప్పు కింద రబ్బరు, పైపు రెండు చివర్లా ఆలివ్ (నట్టు లోపలి చిన్న రింగు), ఈ మూడు చోట్లే ఎక్కువ పోతది.

గాలి వస్తుందా లేదా కళ్ళారా చూడాలంటే ఫిల్టర్‌కి పెద్ద పంపుకి మధ్య ఉన్న పైపు తీసేసి, డీజిల్‌కి తట్టుకునే గాజులాంటి ప్లాస్టిక్ పైపు కాసేపటికి క్లిప్పులతో బిగించి ఇంజను నడపండి. స్లోలో బుడగలు ఒకటీ అరా కాదు, వరసగా పోతుంటే మీ హంటింగ్‌కి కారణం అదే. అప్పుడు ట్యాంకు వైపు నుంచి ఒక్కో జాయింటూ బిగిస్తా, రాగి వాషర్లు మారుస్తా రండి, బుడగలు ఏ జాయింటు దగ్గర ఆగాయో అదే తప్పు. చూసేశాక మళ్ళీ అసలు పైపే బిగించండి, ప్లాస్టిక్‌ది అలాగే వదిలేస్తే వేడికి మెత్తబడి జారిపోద్ది.

ఫిల్టర్లు మార్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, పాత రబ్బరు రింగు పై మూత గాడిలో అతుక్కుని ఉండిపోద్ది, దాని మీదే కొత్త రింగు పెట్టి బిగిస్తే రెండూ సరిగ్గా కూర్చోక ఎయిర్ పడుద్ది. ఫిల్టర్ మార్చిన మర్నాటి నుంచే స్లో చెడిందంటే ముందు అక్కడికే పోండి. ఫీడ్ పంపు డయాఫ్రం కూడా చూడాలి, చినిగితే డీజిల్ ఇంజన్ ఆయిల్లోకి దిగుద్ది. డిప్ స్టిక్ తీస్తే ఆయిల్ లెవెల్ పెరిగి ఉంటది, డీజిల్ వాసన వస్తది, అలా ఉంటే ఇంక ఇంజను నడపొద్దు, డయాఫ్రం వేసి ఆయిల్ మొత్తం మార్చాకే స్టార్ట్ చేయండి.

లీకులు తీరాక ఎయిర్ తీయాలి, దానికో వరస ఉంది. ఫీడ్ పంపు కింద చేత్తో కొట్టే చిన్న లివర్ ఉంటది. అది కొడుతున్నా పట్టు దొరక్కపోతే లోపల క్యామ్ పైకొచ్చి ఆగిందని అర్థం, ఇంజను ఒక చుట్టు తిప్పి మళ్ళీ కొట్టండి. ముందు ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ, తర్వాత పెద్ద పంపు పక్కన హెడ్ లాకింగ్ స్క్రూ దగ్గరున్న చిన్న స్క్రూ, తర్వాత గవర్నర్ డబ్బా పైన ఉండే స్క్రూ, మూడూ వదులు చేసి లివర్ కొడతా ఉండండి, నురగ పోయి శుభ్రమైన డీజిల్ రాగానే అదే వరసలో బిగించుకుంటా రండి. తర్వాత పెద్ద పంపుకి డీజిల్ వచ్చే నట్టు వదులు చేసి మళ్ళీ కొట్టి బిగించండి. ఆఖర్న ఏవైనా రెండు నాజిళ్ళ దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి, స్టాప్ నాబ్ లోపలికి నెట్టి, ఎక్సలేటర్ పూర్తిగా ఇచ్చి సెల్ఫ్ కొట్టండి, డీజిల్ బుడగల్లేకుండా వచ్చాక నట్లు బిగించండి. స్టార్ట్ చేసే ముందు ఎక్సలేటర్ తగ్గించుకోవడం మర్చిపోవద్దు. సెల్ఫ్ ఒకేసారి పదిహేను సెకన్లకి మించి పట్టుకోవద్దు, మధ్యలో చల్లారనివ్వండి. ఆ హెడ్ లాకింగ్ స్క్రూ దగ్గర మీరు విప్పేది పైనున్న చిన్నదే, కిందున్న పెద్ద బోల్టు కాదు, అది తిప్పొద్దు.

ఎయిర్ అంతా పోయినా స్లోలో వణుకుతా మిస్ కొడుతుంటే సిలిండర్లు ఒక్కోటి కట్ చేసి చూడండి. ఇంజను స్లోలోనే ఉంచి, గుడ్డ చుట్టిన పానాతో ఒక్కో నాజిల్ నట్టు కొంచెం వదులు చేసి మళ్ళీ బిగించండి, కళ్ళద్దాలు పెట్టుకొని మొహం దూరంగా ఉంచి చేయండి. మంచి సిలిండర్ నట్టు వదులు చేయగానే ఇంజను శబ్దం పడిపోద్ది, ఆగిపోబోద్ది కూడా. ఏది వదిలినా తేడా రాలేదో ఆ సిలిండర్ పని చేయట్లేదు. దాని నాజిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చి మళ్ళీ చూడండి. మిస్సు నాజిల్‌తో పాటే పక్కకి వెళ్తే నాజిల్ తప్పు, టెస్టర్ మీద పెట్టించి అవసరమైతే కొత్త నాజిల్ వేయించండి, చుక్కలు కార్చే నాజిల్ స్లోలోనే ఎక్కువ పొగ పోస్తది. మార్చేటప్పుడు సీటు కింది రాగి వాషర్ కొత్తది వేయండి, పాతది లోపలే ఉండిపోయిందేమో టార్చి వేసి చూడండి. మిస్సు అదే సిలిండర్ దగ్గర ఉండిపోతే వాల్వులో, రింగులో.

అప్పుడు ట్యాపెట్, అంటే వాల్వుకీ రాకర్‌కీ మధ్య సందు, చూడండి. ఈ ఇంజనుకి ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండిటికీ వేడి మీద 10 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), చల్లగా ఉంటే 12 థౌ, మిల్లీమీటర్లలో 0.25, 0.30. ట్యాపెట్ మరీ బిగుసుకుపోతే వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోద్ది, పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్లోలో నిలబడదు, వేడెక్కాక కొంచెం మేలు. ట్యాపెట్ సరిగ్గా ఉండి కూడా బ్రీదర్ పైపులోంచి (ఇంజను లోపలి గాలి బయటికి వదిలే పైపు) పొగ బుస్సుబుస్సుమని వస్తుంటే రింగులు అరిగినట్టు, అది ఇంజను పని, స్లో సెట్టింగుతో పోదు.

ఒక మాట, మూడు సిలిండర్ల ఇంజను స్లోలో కొంచెం ఊగడం దాని పుట్టుక. క్రాంకు 240 డిగ్రీలు తిరిగితే గానీ తర్వాతి సిలిండర్ కాలదు. సైలెన్సర్ శబ్దం ఒకే తాళంలో వస్తుంటే, బానెట్ కొంచెం వణికినా పట్టించుకోవద్దు, ఆ వణుకు పోగొడదామని రేసు పెంచొద్దు.

ఇవన్నీ అయ్యాకే స్క్రూ. ముందు బండి ఓ అరగంట పని చేయించి వేడి ముల్లు దాని చోటికి వచ్చాక మొదలెట్టండి, చల్లటి ఇంజను మీద పెట్టిన స్లో వేడెక్కాక ఎక్కువైపోద్ది. పంపు మీద రెండు స్టాపు స్క్రూలు ఉంటాయి, ఏది స్లోదో బొమ్మలు వెతకక్కర్లేదు, ఎక్సలేటర్ పూర్తిగా తగ్గించినప్పుడు చేయి దేనికి ఆనుతుందో అదే. రెండోది మ్యాగ్జిమం స్పీడుది, దానికి తీగతో సీలు ఉంటది, దాని జోలికి అస్సలు పోవద్దు, ఇంజను తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ తిరిగితే కనెక్టింగ్ రాడ్డు బ్లాకు పగలగొట్టుకొని బయటికొస్తది.

స్లో స్క్రూ లాక్ నట్టు వదులు చేసి స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పండి, లోపలికి తిప్పితే రేసు పెరుగుద్ది, బయటికి తిప్పితే తగ్గుద్ది. తిప్పిన ప్రతిసారీ కాసేపు ఆగండి, గవర్నర్ కుదురుకోవాలి. బండి మీద మీటర్ పనిచేయకపోతే లైటుతో చదివే చిన్న టాకోమీటర్ ఒకటి కొనుక్కోండి, క్రాంకు పుల్లీ మీద మెరిసే స్టిక్కర్ అంటించి లైటు కొడితే అంకె చూపిస్తది. ఇలాంటి ఇంజన్లకి సాధారణంగా నిమిషానికి 600 నుంచి 750 చుట్ల మధ్యలో ఉంటది, మీ బండి బుక్కులో ఏ అంకె ఉంటే అదే ఖాయం చేస్కోండి. సరిగ్గా వచ్చాక స్క్రూని కదలకుండా పట్టుకొని లాక్ నట్టు బిగించండి, బిగించేటప్పుడే స్క్రూ తిరిగిపోద్ది చాలామందికి, అందుకే బిగించాక మళ్ళీ టాకోమీటర్ పెట్టండి. తర్వాత ఎక్సలేటర్ సగం దాకా ఇచ్చి టక్కున వదలండి, ఆగిపోకుండా స్లోకి వచ్చి నిలబడాలి. వెనక గొర్రో కల్టివేటరో ఉంటే స్లోలోనే లిఫ్టు ఎత్తండి, ఇంజను శబ్దం కొంచెం పడి మళ్ళీ లేవాలి. ఆయిల్ ప్రెషర్ కూడా చూడండి, వేడి మీద స్లోలో ఆయిల్ ముల్లు మరీ పడిపోతుంటే అది స్క్రూ తిప్పి దాచాల్సిన విషయం కాదు, బేరింగులు చూపించుకోవాలి.

ఇంత చేసినా హంటింగ్ పోకపోతే అప్పుడు పంపు తప్పు. ఎక్కువకాలం నిలబెట్టిన బండ్లలో మీటరింగ్ వాల్వు జిగురు పట్టో తుప్పు పట్టో ఇరుక్కుంటుంది, లేదా గవర్నర్ లింకులు అరిగి ఆట ఎక్కువవుద్ది. దీన్ని చెట్టు కింద విప్పొద్దు, దుమ్ము పడితే ఉన్నది కూడా పోద్ది, టెస్ట్ బెంచ్ ఉన్న పంపు రూముకి తీసుకెళ్ళండి. ఆ వాల్వు తెరుచుకొని ఇరుక్కుంటే రేసు ఆగకుండా ఎక్కేస్తది, స్టాప్ నాబ్ లాగినా ఆగదు, ఆ నాబ్ మూసేది కూడా ఆ వాల్వునే కదా. ట్యాంకు కాక్ కట్టినా ఫిల్టర్లలో ఉన్న డీజిల్ అయ్యేదాకా ఉరుకుతూనే ఉంటది. అప్పుడు గాలి గొట్టం మూతికి చెక్క అడ్డం పెట్టి మూసేయడమే, చేయి పెట్టొద్దు. పైన చెక్కముక్క దగ్గర పెట్టుకోమన్నది ఇందుకే.

పాత మహీంద్రా బీ 275 ఉన్నోళ్ళకి వేరే సంగతి. అది ఇంటర్నేషనల్ హార్వెస్టర్ డిజైను, నాలుగు సిలిండర్లు, పాతవాటిలో పంపు లైను పంపు (సిలిండర్‌కో ఎలిమెంటు ఉండేది), గవర్నర్ వ్యాక్యూమ్‌తో పని చేస్తది. గాలి వెళ్ళే గొట్టంలో బటర్‌ఫ్లై (గాలిని తగ్గించే తిరిగే రేకు) ఉంటది, అక్కడి వ్యాక్యూమ్ సన్నటి పైపు గుండా పంపు వెనకున్న డయాఫ్రంకి చేరి డీజిల్ తగ్గిస్తది. కాబట్టి ఆ పైపు పగిలినా, యూనియన్ వదులైనా, డయాఫ్రం చినిగినా రేసు దిగదు, పైపు మొత్తం ఊడితే రేసు పట్టు తప్పి ఎక్కేస్తది. ఎయిర్ క్లీనర్ మురికి పట్టినా దీంట్లో స్లో మారుద్ది, మాస్సీలో అంత తేడా రాదు. డయాఫ్రం పరీక్షకి ఇంజను ఆపి, పంపు దగ్గర వ్యాక్యూమ్ పైపు ఊడదీసి, స్టాప్ లివర్ పూర్తిగా నొక్కి పట్టుకొని ఆ రంధ్రాన్ని వేలితో గట్టిగా మూసి లివర్ వదలండి. ర్యాక్ (పంపులో డీజిల్ ఎంతో తేల్చే కడ్డీ) కొంచెం కదిలి అక్కడే పట్టుకొని మెల్లగా జారితే డయాఫ్రం బాగుంది, టక్కున వెనక్కి వచ్చేస్తే చినిగినట్టే. స్లో స్క్రూ కూడా దీంట్లో పంపు మీద ఉండదు, బటర్‌ఫ్లై చేతి దగ్గరే ఉంటది, పైపు ఎక్కించి యూనియన్ బిగించాకే ఇంజను స్టార్ట్ చేసి దాన్ని తిప్పండి.